ఇన్సులిన్ పంపు: రూపకల్పన, నిత్యజీవన సౌలభ్యం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

మొదటిరకం మధుమేహం ఉన్నవారికి ఇన్సులిన్ పంపు పగలూ రాత్రీ ఒంటిని అంటిపెట్టుకొని ఉండే పరికరం. దాని వైద్యప్రయోజనాన్ని గురించి చాలా పరిశోధన జరిగింది. దానిని ధరించి తిరగడం, నిద్రపోవడం, స్నానం చేయడం, నలుగురిలో భోజనం చేయడం ఎంత సులువు, ఎంత కష్టం అన్న విషయం మాత్రం చాలాకాలం ద్వితీయాంశంగానే మిగిలిపోయింది. పంపు పనిచేసే తీరును, దాని రూపపరిణామాన్ని, వాడకంలో ఎదురయ్యే ఇబ్బందులను, వాటి పరిష్కారానికి జరిగిన ప్రయత్నాలను ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగు ప్రాంతాల వాతావరణం, వేషధారణ, ఆహారం, ఇన్సులిన్ గాఢతల విషయంలో మన దేశంలో ఉన్న ప్రత్యేక పరిస్థితి ఈ రూపకల్పన ముందు ఉంచే ప్రశ్నలను కూడా చర్చిస్తుంది. సౌలభ్యం చికిత్సకు అదనపు అలంకారం కాదని, చికిత్స ఫలితాన్ని నిర్ణయించే అంశాలలో అదీ ఒకటని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: మధుమేహం, ఇన్సులిన్ పంపు, బేసల్, బోలస్, రూపకల్పన, వాడుక సౌలభ్యం, స్వయంచాలక ఇన్సులిన్ వ్యవస్థ.

1. ఉపోద్ఘాతం:

1922 జనవరిలో కెనడాలోని టొరంటో నగరంలో 14 ఏళ్ల లియొనార్డ్ థాంప్సన్ అనే బాలునికి తొలిసారిగా ఇన్సులిన్ ఎక్కించారు. అంతవరకు మొదటిరకం మధుమేహం వచ్చిన పిల్లలు కొద్ది కాలంలోనే మరణించేవారు. ఇన్సులిన్ రాకతో ఆ వ్యాధి మరణశాసనం కాకుండా పోయింది. దానికి బదులు జీవితాంతం చేయవలసిన పనిగా మారింది. ఆ పనిని వైద్యుడు చేయడు. రోగే చేసుకోవాలి, లేదా తల్లిదండ్రులు చేయాలి. ఏమి తింటున్నాము, ఎంత నడవబోతున్నాము, ఇప్పుడు రక్తంలో గ్లూకోజు ఎంత ఉంది, ఇందాక తీసుకున్న మందు ఇంకా ఎంత పనిచేస్తోంది అన్న లెక్కలు రోజుకు అనేకసార్లు వేసుకోవాలి. ఒక్క పూట కూడా సెలవు దొరకదు.

ఇటువంటి నిరంతర శ్రమలో కొంత భాగాన్ని యంత్రానికి అప్పగించే ప్రయత్నమే ఇన్సులిన్ పంపు. కాని యంత్రం ఒక శ్రమను తగ్గిస్తూ ఇంకొక శ్రమను తెచ్చిపెట్టవచ్చు. సూదిపోట్లు తగ్గుతాయి, గొట్టం తలుపు గడియకు చిక్కుకుంటుంది. మోతాదు కచ్చితమవుతుంది, అర్ధరాత్రి హెచ్చరిక నిద్ర లేపుతుంది. ఈ లాభనష్టాల తూకం ఎటు మొగ్గుతుందన్నది చాలావరకు రూపకల్పన మీద ఆధారపడి ఉంటుంది.

2. పంపు పనిచేసే తీరు:

ఆరోగ్యవంతుని క్లోమం రెండు విధాలుగా ఇన్సులిన్ విడుదల చేస్తుంది. ఆహారంతో నిమిత్తం లేకుండా రోజంతా కొద్దికొద్దిగా స్రవించేది మొదటిది. భోజనం చేసినప్పుడు ఒక్కసారిగా పెరిగేది రెండవది. పంపు ఈ రెండింటినీ అనుకరిస్తుంది. నిరంతరంగా ఇచ్చే మోతాదును ‘బేసల్’ అని, భోజనానికి లేదా పెరిగిన గ్లూకోజును దించడానికి ఇచ్చే మోతాదును ‘బోలస్’ అని అంటారు. రెండింటికీ వాడేది ఒకే రకం ఇన్సులిన్. త్వరగా పనిచేసి మూడు నుంచి ఐదు గంటల్లో ప్రభావం తగ్గిపోయే రకం అది.

యంత్రభాగం సూత్రప్రాయంగా సరళమైనది. చిన్న సిరంజి వంటి నిల్వగొట్టం, దాని ముషలకాన్ని నెమ్మదిగా నెట్టే మర, ఆ మరను తిప్పే మోటారు, లెక్క చూసే సూక్ష్మగణనయంత్రం ఇందులో ఉంటాయి. నిల్వగొట్టం నుంచి సన్నని ప్లాస్టిక్ గొట్టం బయలుదేరి, చర్మం కింద అమర్చిన ‘కాన్యులా’ అనే మెత్తని చిన్ననాళంతో ముగుస్తుంది. గొట్టాన్నీ కాన్యులానూ కలిపి ‘ఇన్‌ఫ్యూజన్ సెట్’ అంటారు. దానిని రెండు మూడు రోజులకొకసారి మార్చి, శరీరంలో వేరొక చోట అమర్చుకోవాలి.

సరళమైన ఈ యంత్రం ముందున్న పని మాత్రం సున్నితమైనది. పంపులో సాధారణంగా వాడే ఇన్సులిన్ ఒక మిల్లీలీటరులో 100 యూనిట్లు ఉంటుంది. అంటే ఒక యూనిట్ పరిమాణం 10 మైక్రోలీటర్లు. ఒక నీటిబొట్టు సుమారు 50 మైక్రోలీటర్లనుకుంటే, ఆ బొట్టులో 5 యూనిట్లు ఇముడుతాయి. చాలా పంపులు 0.05 యూనిట్ల మెట్టుతో మోతాదును సవరించగలవు. అది బొట్టులో నూరవ వంతు. చిన్నపిల్లల చికిత్సలో ఇంత సూక్ష్మత అవసరమవుతుంది. గొట్టంలో 10 మైక్రోలీటర్ల గాలిబుడగ ఉన్నా ఒక యూనిట్ మందు లోపలికి వెళ్లనట్లే. పసివాడికి అది గణనీయమైన మోతాదు. కాబట్టి నిల్వగొట్టం నింపేటప్పుడు బుడగలు స్పష్టంగా కనిపించేటట్లు, సులువుగా తొలగించేటట్లు దానిని రూపొందించడం కూడా మోతాదు కచ్చితత్వంలో భాగమే.

3. వీపు మీది సంచి నుంచి జేబులోకి:

1960ల తొలినాళ్లలో లాస్ ఏంజెలిస్‌కు చెందిన ఆర్నాల్డ్ కాడిష్ అనే వైద్యుడు తయారుచేసిన తొలి నమూనా సైనికులు వీపున మోసే సంచి అంత ఉండేది. అది వాడుకలోకి రాలేదు గాని, యంత్రం ద్వారా రక్తంలోని గ్లూకోజును అదుపు చేయవచ్చునన్న ఆలోచనకు ఆకారమిచ్చింది. 1970లలో డీన్ కేమెన్ అనే అమెరికన్ ఆవిష్కర్త రూపొందించిన సిరంజి పంపు శరీరం మీద ధరించగల స్థాయికి వచ్చింది. 1978లో లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో జాన్ పికప్, హ్యారీ కీన్ తదితరులు చర్మం కింద నిరంతరంగా ఇన్సులిన్ ఇచ్చే పద్ధతి ఫలితాలను ప్రకటించారు. మరుసటి ఏడాది అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో విలియం టాంబర్లేన్ బృందం ఇటువంటి ఫలితాలనే వెల్లడించింది.

ఈ పద్ధతికి బలమైన ఊతమిచ్చినది 1993లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం. అమెరికా, కెనడాలలో 1,441 మంది మొదటిరకం మధుమేహ రోగులపై జరిగిన ఆ అధ్యయనంలో, గ్లూకోజును గట్టిగా అదుపులో ఉంచితే కంటిరెటీనా దెబ్బతినే ప్రమాదం 76 శాతం తగ్గుతుందని తేలింది. అలా అదుపులో ఉంచడానికి కొందరు రోజుకు అనేకసార్లు సూదిమందు తీసుకున్నారు. కొందరు పంపు వాడారు. అదే అధ్యయనం ఇంకొక సంగతినీ చెప్పింది. గట్టి అదుపు పాటించినవారిలో గ్లూకోజు ప్రమాదకరంగా పడిపోయే సందర్భాలు సుమారు మూడింతలయ్యాయి. అదుపు ఎంత అవసరమో, దానికి చెల్లించవలసిన మూల్యం ఎంతో ఒకే అధ్యయనం తేల్చింది. ఆ తర్వాత జరిగిన పంపు రూపకల్పన అంతా ఈ మూల్యాన్ని తగ్గించే ప్రయత్నమే.

పరిమాణం తగ్గినా పంపు రూపం చాలాకాలం ఆసుపత్రి పరికరాన్నే తలపించింది. 2007లో, స్వయంగా మధుమేహంతో జీవిస్తున్న ఏమీ టెండరిచ్ అనే అమెరికన్ పాత్రికేయురాలు ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్‌ను ఉద్దేశించి ఒక బహిరంగ లేఖ రాశారు. పాటలు వినే పరికరానికి అంత అందం, అంత సౌలభ్యం సమకూర్చగలిగినప్పుడు, ప్రాణం నిలిపే పరికరానికి అవి ఎందుకు ఉండకూడదన్నది ఆ లేఖ సారాంశం. దానికి స్పందించి శాన్‌ఫ్రాన్సిస్కోలోని అడాప్టివ్ పాత్ అనే రూపకల్పన సంస్థ ‘చార్మర్’ పేరుతో ఒక ఊహానమూనాను తయారుచేసింది. అది మార్కెట్టులోకి రాలేదు. అయితే పరికరం రూపురేఖలను నిర్ణయించడంలో రోగి అనుభవానికి స్థానం ఉండాలన్న వాదన అప్పటినుంచి గట్టిపడింది.

4. శరీరాన్ని తాకే భాగం:

పంపులో అత్యంత ఖరీదైనది యంత్రం. అత్యంత బలహీనమైనది చర్మాన్ని తాకే భాగం. మెత్తని కాన్యులా చర్మం కింద వంగిపోవచ్చు. అతుకు చెమటకు ఊడిపోవచ్చు. ఒకే చోట మళ్లీ మళ్లీ అమరిస్తే కొవ్వు గడ్డకట్టి మందు సరిగా ఒంటబట్టదు. కొందరికి అతుకులోని జిగురు పడక దద్దుర్లు వస్తాయి.

వీటిలో మందు ప్రవాహం ఆగిపోవడం ప్రాణాంతకమైనది. సూదిమందు వాడేవారి శరీరంలో దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ కొంత నిల్వ ఉంటుంది. పంపు వాడేవారికి ఆ నిల్వ లేదు. ప్రవాహం ఆగిన కొద్ది గంటల్లోనే రక్తంలో కీటోన్లు పెరగడం మొదలై, పట్టించుకోకపోతే కీటోఅసిడోసిస్ అనే విషమస్థితికి దారితీస్తుంది.

గొట్టం మూసుకుపోతే పంపు హెచ్చరిస్తుంది కదా అన్న ప్రశ్న రావచ్చు. పంపు గమనించేది లోపల పెరిగే ఒత్తిడిని మాత్రమే. ఒకటి రెండు యూనిట్ల మందు వెనుక పేరుకుంటే గాని ఒత్తిడి హద్దు దాటదనుకుందాం. గంటకు అర యూనిట్ చొప్పున బేసల్ తీసుకునే పిల్లవాడి విషయంలో ఆ హద్దు చేరడానికి రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. మోతాదు ఎంత తక్కువైతే హెచ్చరిక అంత ఆలస్యమవుతుంది. ఇక కాన్యులా చర్మం నుంచి బయటికి జారి మందు బట్టలకు అంటుకుంటుంటే, ఒత్తిడి పెరగదు కాబట్టి హెచ్చరికే రాదు. అందువల్ల కారణం తెలియకుండా గ్లూకోజు పెరుగుతున్నప్పుడు ముందు సెట్ మార్చి, సిరంజితో మందు తీసుకోవాలని వైద్యులు నేర్పుతారు.

ఈ సమస్యలకు మూడు దిశలలో పరిష్కారాలు వచ్చాయి. వంగిపోని ఉక్కుసూది గల సెట్లు మొదటిది. వీటిని మరింత తరచుగా మార్చాలి. రెండు మూడు రోజులకు బదులు ఏడు రోజులు ఉంచుకోగల సెట్ రెండవది. ఇటువంటి దానికి అమెరికాలో 2021లో అనుమతి లభించింది. గొట్టమే లేకుండా, పంపునే చర్మానికి అతికించే పద్ధతి మూడవది. ఆమ్నీపాడ్ అనే ఇటువంటి పంపుకు 2005లో అనుమతి వచ్చింది. అందులో 200 యూనిట్ల వరకు మందు పడుతుంది. మూడు రోజులు పనిచేస్తుంది. దానితోనే స్నానం చేయవచ్చు. గొట్టం చిక్కుకునే బాధ ఉండదు. అయితే మూడు రోజులకొకసారి మోటారు, బ్యాటరీలతో సహా మొత్తం పరికరాన్ని పారవేయాలి. అతుకు ఊడితే మిగిలిన మందు కూడా వృథా అవుతుంది. ఒక అసౌకర్యాన్ని తొలగించిన రూపకల్పన వ్యర్థాలను, ఖర్చును పెంచింది.

5. తెర, మీట, హెచ్చరిక:

భోజనానికి ముందు జరిగే లెక్కను ఒక ఉదాహరణతో చూద్దాం. ఇక్కడి నిష్పత్తులు వివరణకోసం మాత్రమే. ఇవి మనిషికీ మనిషికీ మారుతాయి, వైద్యుడే నిర్ణయించాలి. 200 గ్రాముల అన్నంలో సుమారు 56 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయి. 10 గ్రాములకు ఒక యూనిట్ చొప్పున 5.6 యూనిట్లు కావాలి. ప్రస్తుత గ్లూకోజు 190, లక్ష్యం 120. ఒక యూనిట్ 50 పాయింట్లు తగ్గిస్తుందనుకుంటే మరో 1.4 యూనిట్లు అవసరం. మొత్తం 7. ఇంతకుముందు తీసుకున్న మందులో ఒక యూనిట్ ఇంకా పనిచేస్తోంది కాబట్టి దానిని తీసివేస్తే 6 యూనిట్లు. ఈ చివరి తీసివేత మరిచిపోతే మోతాదు మీద మోతాదు పడి గ్లూకోజు పడిపోతుంది. పంపులోని గణనపద్ధతి ఈ లెక్కను తానే చేయడం పెద్ద సౌకర్యం.

లెక్క యంత్రానికి అప్పగించాక మిగిలేది అంకెలు నొక్కడం. ప్రమాదం అక్కడ కూడా పొంచి ఉంది. 2023 డిసెంబరులో ఆమ్నీపాడ్ 5 పంపుకు చెందిన ఫోను అనువర్తనంలో ఒక లోపం బయటపడింది. మోతాదును మార్చేటప్పుడు సున్నా నొక్కకుండా నేరుగా దశాంశబిందువుతో మొదలుపెడితే, ఆ బిందువు నమోదయ్యేది కాదు. అర యూనిట్ అనుకొని నొక్కినది 5 యూనిట్లుగా మారగలదు. పదింతల తేడా ప్రాణానికే ముప్పు. తయారీదారు వినియోగదారులను హెచ్చరించి లోపాన్ని సరిదిద్దవలసివచ్చింది. ఇటువంటి పొరపాటును మనిషి అజాగ్రత్త అని కొట్టివేయడానికి వీలులేదు. ఆకలితో, తొందరలో, కొన్నిసార్లు గ్లూకోజు పడిపోయి బుద్ధి మందగించిన స్థితిలో మనిషి ఎలా నొక్కుతాడో ముందుగా ఊహించడమే రూపకర్త బాధ్యత. దశాంశానికి ముందు సున్నాను తప్పనిసరిగా చూపడం, అలవాటైన మోతాదుకు చాలా ఎక్కువైనప్పుడు మళ్లీ అడగడం వంటి చిన్న ఏర్పాట్లు ఇక్కడ పెద్ద రక్షణ కల్పిస్తాయి.

హెచ్చరికలది వేరొక సమస్య. మందు తగ్గిందని, బ్యాటరీ తగ్గిందని, గ్లూకోజు పెరిగిందని, సెన్సారు సంకేతం అందలేదని పంపు రోజంతా మోగుతూ ఉంటే మనిషి క్రమంగా ఆ మోతను వినడం మానేస్తాడు. ప్రాణాపాయాన్ని సూచించే మోతకూ, రేపు చూసుకోదగిన విషయాన్ని తెలిపే మోతకూ తేడా లేకపోతే అసలైన ఆపదలో హెచ్చరిక వృథా అవుతుంది.

చూపులేనివారి సమస్యను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మధుమేహం కంటిచూపును హరించగల వ్యాధి. ఆ వ్యాధికి వాడే పరికరం మాత్రం చాలావరకు తెరపై కనిపించే సన్నని అక్షరాల మీద ఆధారపడింది. తెర చూడకుండా, ఒక్కో నొక్కుకు ఒక్కో కంపనం చొప్పున లెక్కించి మోతాదు తీసుకునే మీట కొన్ని పంపులలో ఉంది. చూపు తక్కువైనవారికే కాక, నలుగురి మధ్య కూర్చొని పంపును బయటికి తీయడానికి మొహమాటపడే యువతీయువకులకు కూడా అది ఉపయోగపడుతుంది.

6. లెక్క వేసే భారాన్ని తగ్గించడం:

చర్మం కింది గ్లూకోజును కొద్ది నిమిషాలకొకసారి కొలిచే సెన్సారును పంపుతో అనుసంధానించి, బేసల్ మోతాదును యంత్రమే సవరించే వ్యవస్థకు 2016 సెప్టెంబరులో అమెరికాలో తొలిసారి అనుమతి లభించింది. కంపెనీల కోసం ఎదురుచూడలేక రోగులు, వారి కుటుంబసభ్యులు అంతకుముందే ఈ పనికి పూనుకున్నారు. డేనా లూయిస్, స్కాట్ లైబ్రాండ్ దంపతులు తాము తయారుచేసుకున్న వ్యవస్థ రూపకల్పనను 2015లో అందరికీ ఉచితంగా అందుబాటులోకి తెచ్చారు. డేనా లూయిస్‌కు నిద్రలో గ్లూకోజు హెచ్చరిక మోత వినబడకపోవడం ఆ ప్రయత్నానికి ప్రేరణ. నిత్యజీవితంలోని ఒక అసౌకర్యం ఒక సాంకేతిక మలుపుకు కారణమైంది.

2023 మేలో అనుమతి పొందిన ఐలెట్ అనే వ్యవస్థ మరొక అడుగు ముందుకు వేసింది. దానిని రూపొందించిన ఎడ్ డమియానో బోస్టన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు. ఆయన కుమారునికి మొదటిరకం మధుమేహం ఉంది. ఈ వ్యవస్థను మొదలుపెట్టడానికి శరీరబరువు చెబితే చాలు. భోజనానికి గ్రాముల లెక్క అవసరం లేదు. మామూలుగా తినేంతా, ఎక్కువా, తక్కువా అని తెలిపితే సరిపోతుంది. కచ్చితత్వాన్ని కొంత వదులుకొని శ్రమను బాగా తగ్గించే ఈ పద్ధతి అందరికీ నచ్చకపోవచ్చు. లెక్క భారమై బోలస్ తీసుకోవడమే మానివేసే వ్యక్తికి మాత్రం ఇదే మేలు. తీసుకోని కచ్చితమైన మోతాదు కన్నా తీసుకున్న ఉజ్జాయింపు మోతాదు ఆరోగ్యానికి ఉపకరిస్తుంది.

యంత్రం ఎంత తెలివైనదైనా దానికొక హద్దు ఉంది. చర్మం కింద ఎక్కించిన మందు పనిచేయడం మొదలుకావడానికి పది పదిహేను నిమిషాలు, పూర్తి ప్రభావానికి గంటకు పైగా పడుతుంది. భోజనంలోని గ్లూకోజు అంతకంటె ముందే రక్తంలో చేరుతుంది. భోజనం సంగతి యంత్రానికి ముందుగా చెప్పవలసిన అవసరం ఈ కారణంగానే ఇంకా మిగిలి ఉంది.

7. బ్యాటరీ, ఫోను, భద్రత:

కొన్ని పంపులు గోడగడియారంలో వేసే మామూలు బ్యాటరీతో నడుస్తాయి. కొన్నిటిని ఫోనులా ఛార్జి చేయాలి. రెండవది ఆధునికంగా కనిపిస్తుంది గాని, విద్యుత్తు నిలకడగా లేని చోట మొదటిదే నయం. ఆ బ్యాటరీ పల్లెటూరి కిరాణాకొట్టులో కూడా దొరుకుతుంది.

2022లో ఫోను ద్వారానే బోలస్ ఇచ్చే సదుపాయానికి అమెరికాలో తొలి అనుమతి వచ్చింది. పంపును బయటికి తీయకుండా ఫోను చూస్తున్నట్లుగా మోతాదు తీసుకోవచ్చు. గోప్యత కోరుకునేవారికి ఇది గొప్ప వెసులుబాటు. అయితే 2024లో ఒక పంపు తాలూకు ఫోను అనువర్తనం పదేపదే ఆగి మళ్లీ మొదలవుతూ పంపు బ్యాటరీని త్వరగా ఖాళీ చేస్తోందని తేలి, దానిని సరిచేయవలసివచ్చింది. వైర్‌లెస్ సంకేతాల ద్వారా పంపును పరాయివారు నియంత్రించగల అవకాశాన్ని 2011లోనే ఒక భద్రతా పరిశోధకుడు తన సొంత పంపుతో నిరూపించాడు. 2019లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఇటువంటి కారణంతోనే కొన్ని పాత పంపుల గురించి హెచ్చరిక జారీచేసింది.

వీటినుంచి గ్రహించదగిన సూత్రం ఒకటే: ఫోను ఉంటే సౌకర్యం పెరగాలి, ఫోను లేకపోతే చికిత్స ఆగకూడదు. మన పోటీపరీక్షల కేంద్రాలలోకి ఫోన్లను అనుమతించరు. మూడు గంటల పరీక్ష రాసే విద్యార్థికి పంపు తన సొంత మీటలతో, తన సొంత తెరతో స్వతంత్రంగా పనిచేయగలగాలి.

8. తెలుగు నేలపై పంపు:

పంపుల రూపకల్పన ఎక్కువగా చల్లని దేశాలలో జరిగింది. మన ప్రాంతంలో వాడకానికి వచ్చినప్పుడు నాలుగు అంశాలు ముందుకు వస్తాయి.

8.1 ఎండ: పంపులో వాడే ఇన్సులిన్‌ను 37 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడికి గురిచేయకూడదు. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరడం కొత్తకాదు. నిల్వగొట్టంలోని మందు రెండు మూడు రోజులు ఒంటిమీదే ఉంటుంది. పంపును నడుముకు బయటివైపు తగిలించుకొని ఎండలో ద్విచక్రవాహనం మీద తిరిగితే మందు బలం తగ్గిపోవచ్చు. బయటికి మందు నీళ్లలా తేటగానే కనిపిస్తుంది. లోపం గ్లూకోజు పెరిగాక గాని తెలియదు. వేడిని అడ్డుకునే తొడుగు, హద్దు దాటినప్పుడు తెలిపే ఉష్ణోగ్రత సూచిక, చెమటకు తట్టుకునే అతుకు మనకు విలాసాలు కావు.

8.2 దుస్తులు: పంపు వెనుక ఉండే క్లిప్పు ప్యాంటు పట్టీని, జేబును దృష్టిలో పెట్టుకొని చేసినది. చీరకు, లంగా వోణీకి ఆ సదుపాయం లేదు. లోదుస్తులకు తగిలించుకుంటే ప్రతి భోజనానికి ముందు చాటుకు వెళ్లవలసివస్తుంది. అలా వెళ్లడం ఇబ్బందై బోలస్‌ను వాయిదా వేయడం, తర్వాత మరచిపోవడం సహజం. మెత్తని గుడ్డపట్టీ, దూరం నుంచి నడిపే చిన్న మీట ఈ పరిస్థితిని మార్చగలవు.

8.3 ఆహారం: పొట్లాం మీద పిండిపదార్థాల లెక్క ముద్రించి ఉండే ఆహారానికి గ్రాముల లెక్క సులువు. మన వంటింట్లో అన్నం గరిటెతో, పప్పు గంటెతో వడ్డిస్తారు. ఇడ్లీ పరిమాణం ఇంటింటికీ మారుతుంది. పెళ్లిభోజనంలో పూర్ణం బూరె ఎన్ని గ్రాములో ఎవరూ తూచరు. ఇంట్లో వాడే గిన్నె, గరిటె, ఇడ్లీల సంఖ్య ఆధారంగా, తెలుగులో లెక్క అడిగే పద్ధతి ఉంటే, చదువు తక్కువైన తల్లి కూడా బిడ్డకు మోతాదు ధైర్యంగా ఇవ్వగలుగుతుంది.

8.4 యూనిట్ల గాఢత: అన్నిటికన్న ప్రమాదకరమైన చిక్కు ఇది. మన దేశంలో సీసాలలో అమ్మే ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్ల గాఢత గలది. పంపులకు, పెన్నులకు వాడేది 100 యూనిట్లది. 40 గాఢత మందును పొరపాటున పంపులో నింపితే, తెరపై 10 యూనిట్లు చూపినప్పుడు ఒంట్లోకి వెళ్లేది 4 మాత్రమే. దీనికి తలకిందుల పొరపాటు మరింత భయంకరం. పంపు పాడైన రాత్రి, ఇంట్లో ఉన్న 100 గాఢత మందును దగ్గరి మందులషాపులో దొరికిన 40 గుర్తుల సిరంజితో 10 గీత వరకు తీస్తే, అందులో ఉండేది 25 యూనిట్లు. ఎరుపు మూత సిరంజి 40కి, నారింజరంగు మూత సిరంజి 100కి అన్న భేదం రోగి కుటుంబానికి తెలిసి ఉండాలి. మన దేశంలో అమ్మే పంపు పెట్టెలోనే సరైన సిరంజిలు కొన్ని ఉంచడం, అత్యవసర సూచనలను స్థానికభాషలో ముద్రించడం చాలా తక్కువ ఖర్చుతో అయ్యే పనులు.

వీటన్నిటిపైన ధర ఉంది. పంపు వెల లక్షల రూపాయలలో ఉంటుంది. సెట్లు, నిల్వగొట్టాలు, సెన్సార్లు ప్రతినెలా కొనాలి. ఖర్చు తగ్గించుకోవడానికి మూడు రోజుల సెట్‌ను ఐదారు రోజులు ఉంచుకుంటే, పైన చెప్పిన ప్రమాదాలన్నీ పెరుగుతాయి. భరించగలిగిన ధరలో మార్చగలిగే సెట్ కూడా రూపకల్పనలో భాగంగానే చూడవలసిన విషయం. సరళత వల్ల వాడకం సులువవుతుందనడానికి నిదర్శనం ఉంది. 2010లో అమెరికాలో అనుమతి పొందిన వీ-గో అనే పరికరంలో తెర లేదు, బ్యాటరీ లేదు. రోజుకు 20, 30 లేదా 40 యూనిట్ల బేసల్‌ను స్ప్రింగు బలంతో ఇస్తుంది. భోజనవేళ మీట నొక్కితే రెండేసి యూనిట్లు ఇస్తుంది. రెండవరకం మధుమేహానికి ఉద్దేశించిన ఈ పరికరం పసిపిల్లల సూక్ష్మమోతాదులకు పనికిరాదు. అయినా ఎవరి అవసరానికి ఎంత యంత్రం చాలు అన్న ప్రశ్నను అది మన ముందు ఉంచుతుంది.

9. ముగింపు:

పై పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

• ఇన్సులిన్ పంపులో యంత్రభాగం కన్న చర్మాన్ని తాకే భాగమే తరచుగా వైఫల్యానికి కారణమవుతుంది. రూపకల్పన కృషి అక్కడ ఎక్కువగా కేంద్రీకృతం కావాలి.

• తక్కువ మోతాదు తీసుకునే పిల్లలలో ప్రవాహం ఆగిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. ఒత్తిడితో పాటు సెన్సారు చూపే గ్లూకోజు ధోరణిని కూడా కలిపి చూసే హెచ్చరిక వారికి అవసరం.

• అంకెల నమోదులో పొరపాటును మనిషి తప్పుగా గాక, ముందుగా ఊహించవలసిన పరిస్థితిగా భావించాలి. హెచ్చరికలకు ప్రాముఖ్యాన్ని బట్టి అంతరం ఉండాలి.

• ఫోను, స్వయంచాలక పద్ధతి భారాన్ని తగ్గిస్తాయి. అవి విఫలమైనప్పుడు పంపు స్వతంత్రంగా పనిచేయగలగాలి.

• తెలుగు ప్రాంతాలలో వేడి, దుస్తులు, వడ్డనపద్ధతి, రెండు గాఢతల ఇన్సులిన్ అన్న నాలుగు అంశాలను పరిగణించని పంపు ఇక్కడివారికి పూర్తిగా సురక్షితం కాదు.

ఇన్సులిన్ కనుగొని నూరేళ్లు దాటింది. మందు ఉండీ, పంపు ఉండీ, పదిమందిలో దానిని బయటికి తీయడానికి సంకోచించి ఒక పూట మోతాదు మానివేసే అమ్మాయి విషయంలో ఆ ఆవిష్కరణ ఫలితం చివరి అడుగులో ఆగిపోయినట్లే. ఆ చివరి అడుగును సులువు చేసే పనిలో రూపకర్తలతో పాటు, పంపును ప్రతిరోజూ ధరించేవారికి, వారికి వండిపెట్టేవారికి కూడా మాట చెప్పే అవకాశం ఉండాలి.